రిపోర్టులో నార్మల్, గడ్డం మీద వెంట్రుకలు

టోటల్ టెస్టోస్టిరాన్, అంటే రక్తంలో ఉన్న ఆ మగ హార్మోన్ మొత్తం, డెసిలీటరుకు 52 నానోగ్రాములు. పక్కన ల్యాబు వేసిన రేంజ్ ప్రకారం 70 దాకా నార్మలే. కానీ గడ్డం కింద ముదురు వెంట్రుకలు, దవడ వెంట తగ్గని మొటిమలు, రెండు మూడు నెలలకోసారి వచ్చే డేట్, ఎంత రుద్దినా పోని మెడ నలుపు. పీసీఓడీ (అండాశయాల హార్మోన్ గొడవ) గుర్తులవి. అవి నావే, ఆ రిపోర్టూ నాదే. హనుమకొండలోనే పరీక్షలు చేయించుకుని, మందులు వాడి, ఇప్పుడు బాగున్నాను. ఏ పరీక్ష ఎందుకు, ఏ రోజు చేయించాలి, దేనివల్ల తప్పు చూపిస్తుంది అన్నదే ఇక్కడ రాస్తున్నా. నా అంకెలు ఉదాహరణకు పనికొస్తాయి, అంతే.

ముందుగా ఒక సంగతి. డేట్ క్రమం తప్పి, ముదురు వెంట్రుకలు స్పష్టంగా కనిపిస్తుంటే, పీసీఓడీ అనడానికి రక్తంలో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని చూపించక్కర్లేదు. 2003లో రోటర్‌డామ్‌లో డాక్టర్లు కుదుర్చుకున్న లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. డేట్ సరిగా రాకపోవడం ఒకటి, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు ఒంటి మీదో రక్తంలోనో ఉండటం రెండోది, స్కానింగ్‌లో అండాశయాల నిండా చిన్న చిన్న నీటిబుడగలు మూడోది. వీటిలో రెండు ఉండాలి, ఇలాగే కనిపించే వేరే జబ్బులు లేవని తేలాలి. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో స్కానింగ్ బదులు ఏఎంహెచ్ (అండాశయాల్లో తయారయ్యే ఒక హార్మోన్) రక్తపరీక్ష కూడా సరిపోతుందన్నారు, అదీ పెద్దవాళ్లకే. పెద్దమనిషై ఎనిమిదేళ్లు దాటని ఆడపిల్లలకు ఆ రెండూ వద్దు, ఆ వయసులో బుడగలు మామూలుగానే కనిపిస్తాయి. ఇంటర్ చదివే బిడ్డకు స్కానింగ్ తీయించి, ఆ రిపోర్టు చూసి నిద్రపోని తల్లులు మా వాడలోనూ ఉన్నారు.

అలాంటప్పుడు రక్తం ఎందుకు తీయడం? థ్రెడింగ్‌తోనో లేజర్‌తోనో వెంట్రుకలు తీసేసుకున్నవాళ్ల మొహం మీద డాక్టర్‌కు ఏ ఆనవాలూ దొరకదు. కొందరికి డేట్ తప్పుతుందిగానీ ఒంటి మీద ఏమీ ఉండదు. అంతకన్నా ముఖ్యం, పీసీఓడీ వేషంలో వచ్చే ఇంకో జబ్బును రక్తమే పట్టిస్తుంది. డాక్టర్లు వెంట్రుకల్ని తొమ్మిది చోట్ల చూసి మార్కులు వేస్తారు: పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట పైభాగం, కింది భాగం, భుజం నుంచి మోచేయి దాకా, తొడ, వీపు, నడుము. ఒక్కో చోటికి సున్నా నుంచి 4. మొత్తం 4–6 దాటితే ఎక్కువున్నట్టే. నూగు లెక్కలోకి రాదు. ముదురుగా, నల్లగా, గరుకుగా ఉన్నవే లెక్క. అందుకే మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి పోయేముందు కొన్ని వారాలు థ్రెడింగ్ మానుకోవాలి. మానలేకపోతే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

రక్తం ఇవ్వాల్సింది డేట్ వచ్చిన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు, పొద్దున 8 నుంచి 10 మధ్య. చుక్కలు కనిపించిన రోజు కాదు, సరిగ్గా మొదలైన రోజే మొదటి రోజు. టెస్టోస్టిరాన్ పొద్దుగాల ఎక్కువుండి సాయంత్రానికి తగ్గుతుంది. నెల మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, కొంచెం లేస్తుంది. 17-ఓహెచ్‌పీ అనే ఇంకో హార్మోన్‌కు ఈ రోజుల లెక్క మరీ ముఖ్యం, ఎందుకో కింద చెప్తా. నెలల తరబడి డేట్ రానివాళ్లకు, గర్భం లేదని చూసుకున్నాక, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 5 నుంచి 10 రోజులు ఇస్తారు. ఆపాక కొద్ది రోజుల్లో డేట్ వస్తుంది, అప్పుడు తీస్తారు. లేదంటే ఏదో ఒక రోజు తీసి, అదే శాంపిల్‌లో ప్రొజెస్టిరాన్ కూడా చూస్తారు. అది తక్కువుంటే అండం విడుదల కాలేదని అర్థం, మిగతా అంకెల్ని నమ్మొచ్చు.

వాడుతున్న మందుల సంగతి ల్యాబులో ఎవరూ అడగరు. మనమే చూసుకోవాలి.

గర్భనిరోధక మాత్రలు టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను పెంచుతాయి, టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి. అవి వేసుకుంటూ పరీక్ష చేయిస్తే అన్నీ బాగున్నట్టే వస్తాయి. కనీసం మూడు నెలలు ఆపాక చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అలాగని ఎవరికి వాళ్లు ఆపేయకూడదు, గర్భం రాకుండా వేరే జాగ్రత్త పెట్టుకుని డాక్టర్ చెప్పాకే ఆపాలి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రొయేట్ మగ హార్మోన్లను పెంచగలదు. ఆ మందు సొంతంగా అస్సలు ఆపొద్దు, వాడుతున్నానని చెప్పడమే మన పని. పల్లెల్లో ఆర్‌ఎంపీలు ఒళ్లు నొప్పులకు, ఆయాసానికి వేసే 'డెక్సా సూది' స్టెరాయిడే. అది పడిన కొద్ది రోజుల్లో రక్తం తీస్తే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్లు డీహెచ్ఈఏఎస్, 17-ఓహెచ్‌పీ, కార్టిసాల్ అణిగిపోయి కనిపిస్తాయి. గ్యాస్‌కు వేసుకునే మాత్రల్లో పేరు చివర 'డీ' ఉండేవాటిలో చాలామటుకు డోంపెరిడోన్ కలిసి ఉంటుంది, దాంతో పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ప్రొలాక్టిన్ ఎక్కువొచ్చిందని తలకు ఎమ్మారై దాకా పోయేముందు ఆ స్ట్రిప్ వెనక అచ్చు ఒకసారి చదవండి.

వీటన్నిటికన్నా మోసం చేసేది బయోటిన్. జుట్టు రాలుతుంటే ఆడవాళ్లు ముందు కొనేది అదే, ఒక్కో మాత్రలో 5 లేదా 10 మిల్లీగ్రాములు. ఒంటికి రోజుకు కావలసింది 30–40 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో ఉండేది దానికి వంద రెట్లకు పైనే. చాలా హార్మోన్ యంత్రాలు బయోటిన్ తగిలించిన యాంటీబాడీలను స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌తో పట్టి ఆపుతాయి. రక్తంలో మాత్ర తాలూకు బయోటిన్ నిండుగా ఉంటే ఆ చోటును అదే ఆక్రమిస్తుంది, కొలత తారుమారవుతుంది. టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏఎస్, కార్టిసాల్ లాంటి చిన్న అణువుల పరీక్షలు లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. ఎస్‌హెచ్‌బీజీ, థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, అండాశయాల్ని నడిపే ఎల్‌హెచ్ లాంటివి లేనిపోని తక్కువ చూపిస్తాయి. టెస్టోస్టిరాన్ ఎక్కువై, ఎస్‌హెచ్‌బీజీ తక్కువైతే ఏమవుతుంది? కాగితం మీద అచ్చం మగ హార్మోన్ జబ్బే తయారవుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కొత్త కిట్లలో కొన్ని దీన్ని తట్టుకుంటున్నాయిగానీ మన ల్యాబులో ఏ కిట్ ఉందో మనకెట్లా తెలుస్తుంది? మూడు రోజుల ముందే ఆపేస్తే సరి. 'హెయిర్, స్కిన్, నెయిల్స్' అని రాసి ఉండే గమ్మీల్లోనూ ఇదే ఉంటుంది.

ల్యాబులో మంచి టెక్నీషియన్ అయితే "డేట్ ఎప్పుడొచ్చింది అక్కా? పొద్దుగాల చాయ్ తాగినవా?" అని అడిగి ఫారం మీద రాసుకుంటుంది. టెస్టోస్టిరాన్‌కు పరగడుపు తప్పనిసరి కాదుగానీ షుగర్, కొలెస్ట్రాల్ కూడా అప్పుడే తీస్తారు కాబట్టి రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. మెట్లెక్కి ఆయాసంతో పోయి చెయ్యి చాపొద్దు. ప్రొలాక్టిన్ కంగారుకు కూడా లేస్తుంది, ఇరవై నిమిషాలు కూర్చుని ఇవ్వాలి. హార్మోన్లకు పసుపు మూతదో ఎర్ర మూతదో వాడతారు. పసుపు మూత గొట్టంలో అడుగున జెల్ ఉంటుంది. రక్తం నిండాక దాన్ని మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేసి, అరగంట నిలబెడితే గడ్డకడుతుంది. తర్వాత మెషీన్లో తిప్పితే జెల్ మధ్యకొచ్చి, కింద రక్తం ముద్ద, పైన గడ్డినీళ్ల రంగు సీరం విడిపోతాయి. పరీక్ష ఆ సీరం మీదే. షుగర్‌కు బూడిద రంగు మూత, మూడు నెలల షుగర్‌కు ఊదా మూత. సీరం ఎర్రగా వచ్చిందంటే రక్తకణాలు చితికాయని అర్థం, మళ్లీ తీయించుకోవడమే మేలు.

నక్కలగుట్ట, బాలసముద్రం వైపు సందుసందుకూ ల్యాబులున్నాయి. వాటిలో చాలామటుకు శాంపిల్ తీసి పెద్ద ఊరికి పంపేవే. సీరం విడదీసి ఐస్ పెట్టెలో పంపితే ఈ హార్మోన్లకు ఏం కాదు. మే నెల ఎండలో విడదీయకుండా బైక్ సంచిలో తిప్పితే మాత్రం చెడిపోతుంది. "సీరం ఇక్కడే వేరు చేస్తరా?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు రిపోర్టులో అంకె కింద చిన్న అక్షరాల్లో ఉండే 'మెథడ్' అన్న వరస. అక్కడ సీఎల్ఐఏ అనో ఈసీఎల్ఐఏ అనో ఉంటే యాంటీబాడీలతో కొలిచారు. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అని ఉంటే హార్మోన్‌ను వేరు చేసి, అణువు బరువును బట్టి గుర్తించి కొలిచారు. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ 300 నుంచి 1000 దాకా ఉంటుంది, ఆడవాళ్లలో ఇరవై, నలభై, యాభై. యాంటీబాడీ యంత్రంతో ఆడవాళ్ల టెస్టోస్టిరాన్ కొలవడమంటే ఎనుమాముల మార్కెట్లో లారీలు తూచే కాంటా మీద పుస్తెలతాడు తూచినట్టు. పైగా డీహెచ్ఈఏఎస్ లాంటి దగ్గరి చుట్టాలను కూడా కొన్ని యాంటీబాడీలు టెస్టోస్టిరానే అనుకుని పట్టేస్తాయి. అందుకే మార్గదర్శకాలు ఎల్‌సీ-ఎంఎస్‌నే మేలంటాయి. దాని ఖరీదు ఎక్కువ, రిపోర్టుకు ఆలస్యం. అందరికీ అవసరమని నేననను. మామూలు పరీక్షలో అంకె గీతకు అటూ ఇటూగా ఉన్నప్పుడు, ఒంటి మీద ఏమీ లేకుండా అంకె మాత్రం పెద్దగా వచ్చినప్పుడు ఆ డబ్బు పెట్టడం న్యాయం.

ఇక ప్యాకేజీల్లో ఉండే 'ఫ్రీ టెస్టోస్టిరాన్'. నేరుగా కిట్‌తో కొలిచే ఆ పరీక్ష ఆడవాళ్లలో నమ్మదగింది కాదు. దానికి పెట్టే డబ్బు ఎస్‌హెచ్‌బీజీకి పెట్టండి. ఎందుకంటే రక్తంలోని టెస్టోస్టిరాన్‌లో ఎక్కువ భాగాన్ని ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, మరికొంత అల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్‌కు వదులుగా అంటుకుని ఉంటుంది, విడిగా తిరిగేది 1–2 శాతమే. వెంట్రుకల కుదుళ్ల మీద, నూనె గ్రంథుల మీద పనిచేసేది ఆ విడిగా ఉన్నదే. ఎస్‌హెచ్‌బీజీ తయారయ్యేది కాలేయంలో. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం దాన్ని తక్కువ చేస్తుంది. థైరాయిడ్ మందగించినా తగ్గుతుంది. అప్పుడు మొత్తం మారకపోయినా విడిగా ఉన్నది పెరుగుతుంది.

లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. టెస్టోస్టిరాన్ నానోగ్రాములు పర్ డెసిలీటర్‌లో ఉంటే 28.8తో భాగించండి, నానోమోల్స్ వస్తాయి. కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకు ఇస్తాయి, అప్పుడు ముందు 100తో గుణించాలి. 0.52 చూసి "అయ్యో, అసలే లేదు" అనుకుంటే అది 52కు ఇంకో రూపమే. వచ్చిన నానోమోల్స్‌ను ఎస్‌హెచ్‌బీజీతో భాగించి 100తో గుణిస్తే ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్. నా 52ను భాగిస్తే 1.8. ఎస్‌హెచ్‌బీజీ 16. ఇండెక్స్ 11.3. సాధారణంగా 5 దాటితే ఎక్కువ కింద లెక్క. 'నార్మల్' అన్న ఆ 52 వెనక ఉన్నది ఇదీ. అదే 52కు ఎస్‌హెచ్‌బీజీ 60 ఉన్న మనిషికి ఇండెక్స్ 3 మాత్రమే, ఆమెకు నిజంగానే ఏమీ లేదు. ఎస్‌హెచ్‌బీజీ మరీ అడుగంటినప్పుడు ఈ లెక్క కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది, అప్పుడు అల్బుమిన్‌ను కూడా కలిపే వెర్మ్యూలెన్ సూత్రం మేలు.

17-ఓహెచ్‌పీ సంగతి చెప్తానన్నా కదా. అడ్రినల్ గ్రంథుల్లో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే కొరవడితే కార్టిసాల్ తయారీ మధ్యలో ఆగి, ముడిసరుకంతా మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. దాని తేలిక రకం అచ్చం పీసీఓడీలాగే ఉంటుంది: అవే వెంట్రుకలు, అవే మొటిమలు, అదే డేట్ గొడవ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ పరీక్షను వదిలేయొద్దని నా గట్టి అభిప్రాయం. పొద్దున్నే, డేట్ మొదటి రోజుల్లో తీసినప్పుడు డెసిలీటరుకు 200 నానోగ్రాముల లోపుంటే ఆ జబ్బు దాదాపు లేనట్టే. 1000 దాటితే ఉన్నట్టే. మధ్యలో ఉంటే అడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ 250 మైక్రోగ్రాములు ఇచ్చి గంట తర్వాత మళ్లీ తీస్తారు. అండం విడుదలయ్యాక అండాశయమే 17-ఓహెచ్‌పీ చేస్తుంది, అందుకే డేట్‌కు వారం ముందు తీస్తే ఏ జబ్బూ లేనివాళ్లకూ 200 దాటొచ్చు. నాది 90 లోపే, అక్కడితో ఆ దారి మూసుకుంది.

టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అందరికీ చేస్తారు. థైరాయిడ్, షుగర్ లాంటివి సర్కారు దవాఖానలోనూ అవుతాయి. మొహం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద వెడల్పాటి ఎర్ర చారలు, ఊరికే కమిలిపోయే చర్మం ఉంటే ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్స్ అనే జబ్బు అనుమానం. రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము వేసుకుని, పొద్దున 8కి కార్టిసాల్ తీస్తే డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల కన్నా కిందకు రావాలి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తి చూసి పీసీఓడీ తేల్చే అలవాటు ఇంకా పోలేదుగానీ దానికి అంత బలం లేదు. పరగడుపు ఇన్సులిన్ కూడా అంతే, ప్యాకేజీ బరువు పెంచడానికి తప్ప.

తాత్సారం చేయకూడని సంగతి ఒకటుంది. వెంట్రుకలు ఏళ్ల మీద కాకుండా కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరగడం, గొంతు మగగొంతులా మారడం, నుదుటి మూలల్లో బట్టతల రావడం, డేట్ ఆగిపోయిన వయసులో ఇవన్నీ కొత్తగా మొదలవడం. టెస్టోస్టిరాన్ 150–200 దాటినా, డీహెచ్ఈఏఎస్ 700 మైక్రోగ్రాములు దాటినా అండాశయంలోనో అడ్రినల్‌లోనో గడ్డ ఉందేమో స్కానింగ్‌లో చూడాలి. అంకె తక్కువున్నా లక్షణాలు వేగంగా వస్తుంటే అంకెను కాదు, లక్షణాన్నే నమ్మాలి.

మెడ నలుపు మట్టి కాదు. ఇన్సులిన్ ఎక్కువైన గుర్తది, నలుగు పెట్టి రుద్దితే ఇంకా మొద్దుబారుతుంది. అందుకే పీసీఓడీ తేలాక గ్లూకోజ్ పరీక్ష తప్పదు. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ గ్లాసు నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకు మళ్లీ తీస్తారు. ఆ రెండు గంటలు కూర్చునే ఉండాలి; బయట తిరిగొచ్చినా, టిఫిన్ చేసినా, వాంతి చేసుకున్నా ఆ పరీక్ష చెల్లదు. రెండు గంటల అంకె 140 లోపుండాలి, 200 వస్తే షుగర్ జబ్బు. నా పరగడుపు అంకె నిక్షేపంగా ఉండి, రెండు గంటలది 158 వచ్చింది. పరగడుపుది ఒక్కటే చూసుంటే అది బయటపడేదే కాదు.

మందుల దగ్గరికొస్తే, నాకు మెట్‌ఫార్మిన్ 500తో మొదలుపెట్టి, భోజనం మధ్యలో వేసుకోమని, మెల్లగా 1500 దాకా పెంచారు. ఒక్కసారిగా పెంచితే విరేచనాలు పట్టుకుంటాయి, అక్కడే చాలామంది మానేస్తారు. దాంతోపాటు గర్భనిరోధక మాత్ర. అది ఎస్‌హెచ్‌బీజీని పెంచి విడి టెస్టోస్టిరాన్‌ను కట్టేస్తుంది. మొదలుపెట్టేముందు బీపీ చూడాలి, మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిందా అని అడగాలి. మొటిమలు అనగానే సైప్రొటిరాన్ ఉన్న మాత్ర రాయడం ఇక్కడ మామూలేగానీ, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువని మార్గదర్శకాలు దాన్ని మొదటి మందుగా ఒద్దంటాయి. ఆరు నెలలైనా గడ్డం మీద తగ్గకపోతే మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ కలుపుతారు. అది వాడుతూ గర్భం రాకూడదు, కడుపులో మగపిల్లాడుంటే అవయవాల ఎదుగుదల దెబ్బతింటుంది. కిడ్నీ ఇబ్బంది, బీపీ మందులు ఉన్నవాళ్లకు పొటాషియం చూడాలి.

మొటిమలు మూడు నెలలకు సర్దుకున్నాయి. వెంట్రుకలకు తొందరపడితే లాభం లేదు, ఉన్నది తన ఆయుష్షు తీరి రాలాలి, దాని చోట సన్నది రావాలి. ఆరు నెలల లోపు మందు పనిచేయలేదని తీర్పు చెప్పొద్దు. ముదిరిన వెంట్రుకలు మందుకు పూర్తిగా పోవు. వాటికి లేజరే, అదీ హార్మోన్ అదుపులోకి వచ్చాక చేయిస్తేనే డబ్బులకు ఫలితం. పొద్దున భద్రకాళి బండ్ మీద నడక, రాత్రి అన్నం తగ్గించి జొన్న రొట్టె. 74 కిలోల నుంచి 68కి దిగాక డేట్ దారిలో పడింది. బరువులో 5–10 శాతం తగ్గినా తేడా కనిపిస్తుందంటారు, నాకు కనిపించింది. సన్నగా ఉండే పీసీఓడీవాళ్లకు ఈ సలహా వర్తించదు, వాళ్లను తిండి మానమనడం అన్యాయం.

మందు పనిచేస్తోందా అని నెలనెలా టెస్టోస్టిరాన్ చేయించక్కర్లేదు. థ్రెడింగ్‌కు ఎన్నాళ్లకోసారి పోవాల్సి వస్తోందో చూస్తే చాలు; నాకు వారం కాస్తా నెల దాటింది. మాత్ర ఆపి మూడు నెలలు గడిచాక ఒకసారి మాత్రం, అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించా. టెస్టోస్టిరాన్ 41, ఎస్‌హెచ్‌బీజీ 34, ఇండెక్స్ 4.2. టెస్టోస్టిరాన్ తగ్గింది కొంచెమే, ఎస్‌హెచ్‌బీజీ రెట్టింపైంది. ల్యాబు మారిస్తే ఇలా పోల్చుకునే వీలుండదు.

మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడేవాళ్లు బీ12 చూపించుకోవాలి. కాళ్లు తిమ్మిరెక్కితే అసలే ఆగొద్దు. గ్లూకోజ్ పరీక్ష ఏడాది నుంచి మూడేళ్లకోసారి, ఇంట్లో షుగర్ ఉంటే ఏడాదికే. పిల్లల కోసం చూసేటప్పుడు స్పైరనోలాక్టోన్ ముందే ఆపేయాలి. గర్భం వచ్చాక గ్లూకోజ్ పరీక్ష మొదటి చెకప్‌లోనే ఒకసారి, మళ్లీ 24–28 వారాల మధ్య ఇంకోసారి అడిగి రాయించుకోవాలి.